చూడని తలకు అల్లే టోపీ

ఇంట్లోవాళ్ల కోసం టోపీ అల్లేటప్పుడు కొలత తీసుకోవడానికి తల ఎదురుగానే ఉంటుంది, రంగు నచ్చిందో లేదో అడగడానికి మనిషీ ఉంటారు, బిగుతైతే విప్పి మళ్లీ అల్లే వీలూ ఉంటుంది. దానం కోసం అల్లేటప్పుడు ఈ మూడూ ఉండవు. టోపీ మన చేయి దాటాక ఏ తలకు చేరిందో, అక్కడ ఎన్నాళ్లు నిలిచిందో, మొదటి ఉతుకుకే పాడైందో మనకు ఎవరూ చెప్పరు. పైకి చిన్నదిగా కనిపించే ఈ తేడాయే దారం ఎంపిక మొదలుకొని చివరి కొసను దాచడం దాకా ప్రతి నిర్ణయాన్నీ మార్చేస్తుంది. కొన్నేళ్లుగా క్రోషేతో, అంటే ఒకే కొక్కెపు సూదితో, టోపీలు, మఫ్లర్లు అల్లి ఆసుపత్రి వార్డులకు, నిరాశ్రయుల వసతి గృహాలకు పంపుతున్న అనుభవంతో, ఈ పని కొత్తగా మొదలుపెట్టాలనుకునేవారికి పనికొచ్చే సంగతులను ఇక్కడ రాస్తున్నాను. క్రోషే సూది పట్టుకోవడం, చైన్ వేయడం వచ్చినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి మరీ మొదటి పాఠాల జోలికి వెళ్లడం లేదు.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని అల్లడం కాదు, అడగడం. ఇంట్లో మిగిలిన ఊలు ఉండలతో తోచినవి తోచినట్టు అల్లి, సంచి నిండాక ఎవరికివ్వాలా అని వెతికే పద్ధతే ఎక్కువమందిది. అలా చేరిన సంచుల్లో సగం సరుకు తీసుకున్నవారికి బరువవుతుంది. ఎవరికి ఇవ్వదలచుకున్నామో ముందే నిర్ణయించుకుని, వారికి ఏ కొలతలు కావాలి, ఏ దారం పనికిరాదు, ఏ నెలలో అవసరం, ఉతకడానికి అక్కడ యంత్రం ఉందా, చేత్తో ఉతుకుతారా అని కనుక్కుంటే మన శ్రమలో వృథా పోయే భాగం చాలా తగ్గుతుంది. ఒక్క ఫోన్‌కాల్‌తో తేలిపోయే ఈ పనికి మొహమాటపడేవారిని చూస్తే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన ఏమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా 1917లో దిగినప్పుడు, సైనికుల కోసం ఊలు దుస్తులు అల్లమని అక్కడి రెడ్‌క్రాస్ ప్రజలను కోరింది. అవి రెండు సూదుల అల్లికలే తప్ప క్రోషే కాదు గాని, ఆ ఏర్పాటు మన పనికి చక్కగా అన్వయిస్తుంది. మేజోళ్లు, మఫ్లర్లు, స్వెట్టర్లు, మణికట్టు పట్టీలు ఎలా అల్లాలో, ఏ కొలతలో ఉండాలో, ఏ రంగు ఊలు వాడాలో ముద్రించిన సూచనలు ఇచ్చి మరీ అల్లించారు. మేజోడు లోపల ఒక్క ముడి ఉన్నా, మైళ్ల కొద్దీ నడిచే సైనికుడి కాలు బొబ్బలెక్కుతుంది కాబట్టి అక్కడ అల్లేవారి సరదాకు చోటు లేకపోయింది.

అడగకుండా అల్లితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఆస్ట్రేలియాలో ఉంది. విక్టోరియా రాష్ట్రంలోని ఫిలిప్ ద్వీపంలో లిటిల్ పెంగ్విన్లు అనే చిన్న జాతి పెంగ్విన్లు ఉంటాయి. ఓడల నుంచి కారిన చమురు వాటి ఈకలకు అంటుకుంటే, అవి ముక్కుతో ఈకలు దువ్వుకునేటప్పుడు ఆ విషం కడుపులోకి పోతుంది. అందుకని వాటిని శుభ్రం చేసేదాకా చిన్న ఊలు స్వెట్టర్లు తొడిగేవారు. ఆ పిట్టలు స్వెట్టర్లు వేసుకున్న ఫొటోలు ఎంత ముద్దొచ్చాయంటే, ప్రపంచం నలుమూలల నుంచీ అక్కరకు మించిన స్వెట్టర్లు వచ్చిపడ్డాయి. మిగిలినవాటిని బొమ్మ పెంగ్విన్లకు తొడిగి అమ్మి, ఆ డబ్బును సంరక్షణకు వాడుకున్నారు. వాళ్లు తెలివిగా సర్దుకున్నారు సరే, మన ఊళ్లో మనం మోసుకెళ్లిన సంచితో అంత ఉపాయంగా నెట్టుకొచ్చేవారు ఉంటారన్న భరోసా లేదు.

ఇక దారం సంగతి. అల్లికలో ఆరితేరినవారికి అక్రిలిక్ అనే కృత్రిమ దారమంటే చిన్నచూపు ఉంటుంది. సహజమైన ఊలు వేళ్ల మధ్య సాగే తీరు, దాని వెచ్చదనం అక్రిలిక్‌కు రావన్నది నిజమే. అయినా దానం టోపీల విషయంలో నేను ఎక్కువగా అక్రిలిక్ వైపే మొగ్గుతాను. గొర్రె ఊలు పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి మూడూ కలిసినప్పుడు ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని విడిపోకుండా బిగుసుకుంటాయి. పెద్దవారికి సరిపోయే టోపీ వేడినీళ్ల యంత్రంలో ఒకసారి తిరిగొస్తే పసిపిల్లల బొమ్మకు తప్ప పనికిరానంత కుంచించుకుపోతుంది. వసతి గృహంలో వందమంది బట్టలు ఒకేసారి ఉతికేవారు మన టోపీని విడిగా తీసి చల్లనీళ్లలో ముంచి నీడన ఆరబెడతారని ఆశించడం అన్యాయం. అక్రిలిక్‌కు ఈ బాధ లేదు. త్వరగా ఆరుతుంది, పురుగు కొట్టదు, ఒంటికి పడనివారు కూడా తక్కువ.

అయితే ఒక చోట మాత్రం లెక్క తిరగబడుతుంది. నిప్పు తగిలితే అక్రిలిక్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఊలు అంత సులభంగా అంటుకోదు, అంటుకున్నా మంట తీసేస్తే సాధారణంగా తనంత తానే ఆరిపోతుంది. పైగా ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. ఆరుబయట చలిమంటల దగ్గర రాత్రులు గడిపేవారికీ, మంచులో పనిచేసేవారికీ ఊలే మేలు. కుంచించుకుపోకుండా పొలుసులను నునుపు చేసి, పైన పలుచని పూత వేసిన సూపర్‌వాష్ ఊలు దొరికితే రెండు చిక్కులూ తీరతాయి. ఇక గుచ్చుకునే సంగతి పోగు మందాన్ని బట్టి ఉంటుంది. సుమారు 30 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించిన ముతక పోగుల కొసలు చర్మాన్ని పొడుస్తాయి. మెరినో జాతి గొర్రెల పోగులు అంతకంటే బాగా సన్నగా ఉంటాయి కాబట్టే అవి మెత్తగా తోస్తాయి. ఉండను అరచేతిలో నొక్కి చూసి మెత్తగా ఉందని నిర్ధారించుకోవడం సరైన పరీక్ష కాదు, ఎందుకంటే రోజంతా పనిచేసే అరచేతి చర్మం మొద్దుబారి ఉంటుంది. మెడ పక్కన, చెవి కింద కాసేపు ఆనించి ఉంచితే అసలు సంగతి తెలుస్తుంది. మొహెయిర్, అంగోరా లాంటి నూగు దారాలు ఎంత అందంగా ఉన్నా దానానికి పనికిరావు. ఆ నూగు ఊడి ముక్కులోకి, కళ్లలోకి పోతుంది.

ఏ దారంతో అల్లినా దాని కాగితపు పట్టీని పారేయకుండా దాచుకోవాలి. అందులో ఏ పదార్థం ఎంత శాతం ఉందో, ఎలా ఉతకాలో ఉంటుంది. పట్టీ పోయి, ఏమిటో తెలియని పాత ఉండలను నేను దానానికి వాడను. వాటితో ఇంట్లో దిండు గలీబులు అల్లుకోవచ్చు.

టోపీని పైనుంచి కిందికి, అంటే నడినెత్తి దగ్గర మొదలుపెట్టి అంచు వైపు అల్లడం నాకు అలవాటు. తల కొలత ఎదురుగా లేనప్పుడు ఈ పద్ధతిలో ఒక లెక్క మనకు తోడుంటుంది. పెద్దవారి తల చుట్టుకొలత సాధారణంగా 54 నుంచి 58 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. టోపీ సాగి తలకు పట్టుకుని నిలవాలంటే తల కంటే నాలుగైదు సెంటీమీటర్లు తక్కువగా ఉండాలి. 51 సెంటీమీటర్ల టోపీ కావాలనుకుందాం. దాన్ని 3.14తో భాగిస్తే 16.2 వస్తుంది. నడినెత్తి మీది బిళ్ల అడ్డకొలత 16 సెంటీమీటర్లు దాటేదాకా కుట్లు పెంచుతూ పోవాలి, అక్కడికి చేరాక పెంచడం ఆపేయాలి. చిన్నప్పటి వృత్తం లెక్క ఇంత సూటిగా అక్కరకొచ్చే చోటు మరొకటి నాకు తారసపడలేదు.

మధ్యరకం మందమున్న దారానికి, అంటే పట్టీ మీద 4 అంకె వేసి ఉండే దారానికి, 5 లేదా 5.5 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. సింగిల్ క్రోషే కంటే ఎత్తుగా, డబుల్ క్రోషే కంటే పొట్టిగా ఉండే హాఫ్ డబుల్ క్రోషే కుట్టుతో అల్లితే మొదటి చుట్టులో 8 కుట్లు వేసి, తర్వాతి ప్రతి చుట్టులోనూ 8 కుట్లు పెంచుకుంటూ పోవాలి. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి, మూడో చుట్టులో ఒకటి విడిచి ఒకటిలో రెండేసి, నాలుగో చుట్టులో రెండు విడిచి మూడోదానిలో రెండేసి, ఇలా సాగుతుంది. తొమ్మిదో చుట్టు ముగిసేసరికి 72 కుట్లు ఉంటాయి. పది సెంటీమీటర్లకు 14 కుట్లు పడే చేతికి ఇది ఇంచుమించు 51 సెంటీమీటర్లవుతుంది. సింగిల్ క్రోషేకైతే 6తో మొదలుపెట్టి ఆరారు చొప్పున, డబుల్ క్రోషేకైతే 12తో మొదలుపెట్టి పన్నెండేసి చొప్పున పెంచాలి. ఇవన్నీ అమెరికన్ పేర్లని గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ నమూనాల్లో డబుల్ క్రోషే అన్నది ఇక్కడి సింగిల్ క్రోషే కాబట్టి, నమూనా ఏ దేశానిదో చూడకుండా మొదలుపెడితే టోపీ ఎత్తూ కొలతా రెండూ తారుమారవుతాయి.

పుస్తకంలో లెక్క సరిగ్గా ఉన్నా చేయి తనదైన లెక్క వేస్తుంది. అందుకే నాలుగైదు చుట్లయ్యాక బిళ్లను బల్ల మీద పరిచి చూడాలి. చదునుగా పరుచుకుంటే సరిగ్గా ఉన్నట్టు. అంచులు మడతలు పడుతూ అలల్లా లేస్తుంటే కుట్లు ఎక్కువయ్యాయన్నమాట. గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంటే తక్కువయ్యాయన్నమాట, లేదా చేయి బిగుతుగా పడుతోందన్నమాట. ఇంకో సూక్ష్మం ఏమిటంటే, పెంచే కుట్లన్నీ ప్రతి చుట్టులోనూ ఒకదాని మీద ఒకటి పడితే బిళ్ల గుండ్రంగా రాక ఎనిమిది మూలలు తేలుతుంది. ఒక చుట్టు విడిచి ఒక చుట్టులో, పెంచే చోటును రెండు మూడు కుట్లు పక్కకు జరిపితే ఆ మూలలు మాయమవుతాయి. చుట్టు మొదట్లో వేరే రంగు దారం ముక్క పెట్టుకోకపోతే ఎక్కడ మొదలైందో తెలియక లెక్క తప్పుతుంది. సేఫ్టీపిన్ను అయినా సరే.

పెంచడం ఆపాక ఇక ఆలోచించే పని ఉండదు. నడినెత్తి నుంచి అంచు దాకా 20 నుంచి 22 సెంటీమీటర్లు వచ్చేవరకు చుట్టుకుంటూ పోవడమే. చెవులు పూర్తిగా మూసుకోవాలంటే 22కు తగ్గకూడదు. అంచును పైకి మడుచుకునే వీలుండాలంటే ఇంకో అయిదు సెంటీమీటర్లు కలపాలి. ఈ మడత అంచును నేను గట్టిగా సిఫారసు చేస్తాను. దానితో ఒకే టోపీ చిన్న తలకూ పెద్ద తలకూ సర్దుకుంటుంది, చెవుల మీద రెండు పొరల రక్షణా దొరుకుతుంది.

చిల్లుల నమూనాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెంకుల వరుసలు, వలల్లాంటి అల్లికలు ఫొటోలో కళ్లు తిప్పుకోనివ్వవు, అల్లేవారికి విసుగూ పుట్టించవు. కానీ చలిటోపీలో ప్రతి చిల్లూ గాలికి తలుపే. క్రోషేలో కుట్ల మధ్య ఖాళీలు సహజంగానే ఎక్కువ కాబట్టి, చలి కోసమైతే హాఫ్ డబుల్ లేదా సింగిల్ క్రోషేతో దట్టంగా అల్లాలి. అల్లినదాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఎక్కడ పలుచబడిందో తెలిసిపోతుంది. అలాగని మరీ చిన్న సూదితో అట్టలా బిగించినా తలకు సుఖముండదు. నేర్పు చూపించాలన్న కోరిక ఎవరికైనా ఉంటుంది, దాన్ని ఇంట్లోవాళ్ల శాలువాల మీద తీర్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

పసిపిల్లల టోపీలకు ప్రత్యేకమైన నియమాలున్నాయి. పెద్దవారిలో తల శరీర ఉపరితలంలో దాదాపు 10 శాతం. అప్పుడే పుట్టిన బిడ్డలో అది దాదాపు 20 శాతం. ఒంటి కొవ్వు తక్కువగా ఉండి, తడిగా ఈ లోకంలోకి వచ్చిన బిడ్డ శరీరం చాలా త్వరగా చల్లబడుతుంది. నెలలు నిండనివారికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 1 కోటి 34 లక్షలమంది పిల్లలు 37 వారాలు నిండకముందే పుట్టారు. కొలంబియా రాజధాని బొగొటాలో 1978లో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా మొదలుపెట్టిన కంగారూ పద్ధతిలో, బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తాకేలా కట్టి ఉంచుతారు. అప్పుడు బిడ్డ ఒంటి మీద ఉండేవి ఒక డైపరు, కాళ్లకు మేజోళ్లు, తలకు టోపీ. అంత చిన్న టోపీకి అంత పెద్ద పని ఉంది.

పెద్దల విషయంలో మాత్రం ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందన్న ప్రచారం నిజం కాదు. ముఖం, తల బయట పెట్టి మిగతా ఒళ్లంతా కప్పుకుంటే అక్కడి నుంచే వేడి పోతుంది కాబట్టి అలా అనిపిస్తుంది. మన టోపీల గొప్ప చెప్పుకోవడానికి ఈ పాత లెక్కను వాడుకోనక్కర్లేదు. చలిగాలిలో చెవులు కప్పి ఉంటే ఎంత హాయో అందరికీ తెలిసిందే.

నెలలు నిండిన బిడ్డ తల 33 నుంచి 36 సెంటీమీటర్లు ఉంటుంది. 28 వారాలకే పుట్టిన బిడ్డ తల సుమారు 26 సెంటీమీటర్లు, అంటే పెద్ద నారింజపండు పట్టేంత టోపీ చాలు. దారం మెత్తగా, నూగు లేకుండా ఉండాలి. గుండీలు, పూసలు, ఊలు బంతులు, గడ్డం కింద కట్టే తాళ్లు ఏవీ ఉండకూడదు. అవి ఊడితే గొంతులోకి పోతాయి, ఊడకపోతే మెడకు చుట్టుకుంటాయి. లోపలివైపు వదులుగా వేలాడే దారం కొస కూడా ఉండకూడదు. ఈ టోపీలు పుట్టిన తొలి గంటలకూ, ఆసుపత్రిలో పర్యవేక్షణలో ఉన్న రోజులకూ ఉద్దేశించినవి. ఇంటికి వెళ్లాక పసిబిడ్డను గదిలో టోపీతో నిద్రపుచ్చవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచిస్తోంది, ఎందుకంటే ఒళ్లు అతిగా వేడెక్కే ప్రమాదముంది. ఆ ముక్కను నేను టోపీతో పాటు ఇచ్చే చీటీలో రాస్తాను.

కీమోథెరపీ తీసుకునేవారి టోపీ పూర్తిగా వేరే వస్తువు. కొన్ని మందులు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో జుట్టు రాలడం మొదలవుతుంది, అప్పుడు నెత్తి చర్మం చాలా సున్నితంగా, ఒక్కోసారి నొప్పిగా ఉంటుంది. ఒక క్యాన్సర్ వార్డులో పనిచేసే నర్సును ఎలాంటి టోపీలు కావాలో అడిగాను. ఆమె నా చేతిలోని నమూనాను తిరగేసి, లోపలివైపు బొటనవేలితో తడిమి చూసింది.

"పైన ఎలా ఉన్నా ఫరవాలేదు మేడమ్, లోపల మెత్తగా ఉండాలి. ఊలువి వద్దండి, కాటన్‌వి తెండి. పువ్వులు కుట్టకండి."

"పువ్వులు బాగుండవా సిస్టర్?"

"బాగుంటాయండి. కానీ రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే ఒత్తుకుంటాయి. చాలామంది రాత్రిపూట కూడా టోపీ తియ్యరు."

పగటి పూట అలంకారంగానే టోపీని ఊహించుకునేవారికి ఈ సంగతి తట్టదు. అప్పటి నుంచి ఈ టోపీలను నేను కాటన్ లేదా వెదురు పోగు కలిసిన మెత్తటి దారంతో, ఎత్తుపల్లాలు లేని సింగిల్ క్రోషేతో అల్లుతున్నాను. కాటన్‌కు సాగే గుణం తక్కువ కాబట్టి తల కంటే మరీ చిన్నగా అల్లకూడదు, రెండు సెంటీమీటర్ల తేడా చాలు. జుట్టు లేని తలకు జుట్టున్న తల కంటే కొలత కాస్త తగ్గుతుందన్నది కూడా లెక్కలో ఉంచుకోవాలి. చిల్లుల్లోంచి నెత్తి కనిపించకూడదు. చెవుల ముందు, మెడ వెనక జుట్టు మొదలయ్యే చోటు కప్పేలా పొడవు ఉండాలి. ఈ టోపీలకు కాలంతో పని లేదు, ఏడాది పొడవునా అవసరమే.

మఫ్లర్ గురించి చెప్పవలసింది తక్కువే. పెద్దవారికి 15 నుంచి 20 సెంటీమీటర్ల వెడల్పు, 150 నుంచి 180 సెంటీమీటర్ల పొడవు ఉంటే మెడ చుట్టూ ఒకసారి తిప్పి ముడి వేసుకోవడానికి సరిపోతుంది. టోపీకి వంద గ్రాముల ఉండ ఒకటి చాలు, మఫ్లర్‌కు రెండున్నర దాకా పడుతుంది. టోపీకి వాడిన దారంతోనే అల్లినా సూదిని ఒక సైజు పెంచాలి, లేకపోతే అది మెడ మీద వాలకుండా కర్రలా నిలబడుతుంది. మొదటి చైన్‌ను మరింత పెద్ద సూదితో వేస్తే ఆ అంచు బిగిసి ముడుచుకోదు. పొడవు పెరిగేకొద్దీ వెడల్పు తరిగిపోతుందని కొత్తవారు బాధపడుతుంటారు, ప్రతి వరుస చివరి కుట్టు కనిపించక వదిలేయడమే దానికి కారణం. వరుస వరుసకూ కుట్లు లెక్కపెట్టుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

చిన్నపిల్లలకు మాత్రం నేను మఫ్లర్లు అల్లను. ఆడుకునేటప్పుడు వేలాడే కొసలు ఊయలకో, జారుడుబల్లకో, తలుపుకో చిక్కుకుంటే మెడ బిగుసుకుంటుంది. కొసలు లేకుండా గుండ్రంగా అల్లి తల మీదుగా తొడుక్కునే మెడపట్టీ వారికి క్షేమం. అది జారిపోదు, పారేసుకోరు, ఊలు కూడా సగమే పడుతుంది.

రంగుల దగ్గర నాకు ఒక పట్టుదల ఉంది. వీధిలో బతికేవారికి ముదురు రంగులే అల్లాలి. నలుపు, ముదురు నీలం, గోధుమ, బూడిద, ముదురు ఆకుపచ్చ రంగుల మీద మురికి తొందరగా కనిపించదు, రాత్రిపూట ఎవరి కళ్లలోనూ పడకుండా ఒక మూల పడుకోవాలనుకునే మనిషి ప్రత్యేకంగా కనిపించడు. మిగిలిపోయిన ఏడెనిమిది రంగుల ఊలుతో అల్లిన చారల టోపీ మనకు పొదుపు. దాన్ని తల మీద పెట్టుకుని పని అడగడానికి వెళ్లే మనిషికి అది దానంగా వచ్చిందని ఊరందరికీ చాటే బోర్డు. పిల్లల వార్డులకు, కీమో వార్డులకు అయితే ఎన్ని రంగులైనా అల్లవచ్చు, అక్కడ రంగులను అడిగి మరీ తీసుకుంటారు.

ఇప్పుడు అందరూ తొందరపడే చోటికి వద్దాం, అంటే కొసలు దాచడం. టోపీ పూర్తయిందన్న సంతోషంలో దారాన్ని పొట్టిగా కత్తిరించి, ముడి వేసి వదిలేస్తే రెండో ఉతుకుకో మూడో ఉతుకుకో అక్కడి నుంచే విప్పుకుపోవడం మొదలవుతుంది. కనీసం 15 సెంటీమీటర్ల కొస వదలాలి. మొండి సూదిలోకి ఎక్కించి, లోపలివైపు కుట్ల కాళ్ల మధ్య నుంచి నాలుగైదు సెంటీమీటర్లు ఒకవైపు లాగాలి. ఆ తర్వాత ఒక పోగును దాటించి అదే దారిలో వెనక్కి రావాలి, మూడోసారి మళ్లీ ముందుకు పోవాలి. దారం ఒకే దిక్కుకు పోతే సాగినప్పుడల్లా కొంచెం కొంచెం జారుతుంది, వెనక్కి తిరిగినప్పుడు తనకు తానే అడ్డుపడుతుంది. అక్రిలిక్ నునుపు కాబట్టి మూడుసార్లు తప్పనిసరి. పని అయ్యాక టోపీని రెండు చేతులా నాలుగు వైపులా గట్టిగా సాగదీసి, కొస బయటికి తొంగిచూడలేదని తేల్చుకున్నాకే కత్తెర వాడాలి. నడినెత్తి మొదటి చుట్టులో ఉండే మ్యాజిక్ రింగ్, అంటే కొస లాగితే బిగిసే మొదటి ఉచ్చు, దాని కొస ఇంకా ముఖ్యమైనది. అది వదులైతే టోపీ నడిమధ్య చిల్లు పడుతుంది. దాన్ని ఆ చిన్న వృత్తం చుట్టూ రెండుసార్లు తిప్పి, ఆ తర్వాతే లోపలికి దాస్తాను.

అల్లినవాటిని ఇచ్చేముందు ఉతకాలి. వాసన లేని సబ్బుతో ఉతికి పూర్తిగా ఆరబెట్టాలి, ఎందుకంటే కీమో తీసుకునేవారికి మనకు పరిమళంగా తోచేదే వికారం పుట్టిస్తుంది. ఇంట్లో సిగరెట్ తాగేవారున్నా, పిల్లీ కుక్కా ఉన్నా ఆ సంగతి తీసుకునేవారికి ముందే చెప్పాలి. పొగ వాసన ఊలులో ఇంకిపోతుంది, జంతువుల వెంట్రుకలు పడనివారుంటారు. రోగనిరోధక శక్తి తగ్గినవారి వార్డులో ఇలాంటివి చిన్న సంగతులు కావు. ఉతికి ఆరాక ఒక్కొక్కదాన్ని విడి కవరులో పెట్టి, చుట్టుకొలత, దారం, ఉతికే విధానం మూడూ రాసిన చీటీ జతచేస్తాను. చీటీ మీద నా పేరు రాయను. దీవెనలు, ధైర్యవచనాలు కూడా రాయను, కొందరు రాస్తారు, అది వారి ఇష్టం. జబ్బుతో ఉన్న మనిషికి తెలియని చేతిరాతలో వచ్చిన ధైర్యవచనం ఓదార్పు కావచ్చు, చిరాకూ కావచ్చు. ఉతికే విధానం మాత్రం ఎవరికైనా పనికొస్తుంది.

ఊలుకు పెట్టే డబ్బుతో దుకాణంలో తయారైన టోపీలు ఇంకా ఎక్కువ కొనివ్వవచ్చు కదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వరదో భూకంపమో వచ్చి రేపటికల్లా వేలమందికి చలిబట్టలు కావలసినప్పుడు డబ్బు ఇవ్వడమే సరైనది, అప్పుడు సూది పక్కన పెట్టాలి. చేతి అల్లిక విలువ దుకాణంలో దొరకని వాటి దగ్గర ఉంది. 26 సెంటీమీటర్ల టోపీ, కుట్టు అతుకు లేని మెత్తటి కాటన్ టోపీ, మామూలు కొలతకు మించిన పెద్ద తలకు టోపీ, ఇలాంటివి కావాలన్నా దొరకడం కష్టం.

టోపీ మొత్తం అల్లే ఓపిక లేనివారికి వేరే దారి ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఈవీ రోజెన్ అనే ఊలు దుకాణం యజమాని 1991లో మొదలుపెట్టిన వార్మ్ అప్ అమెరికా పద్ధతిలో, ఒక్కొక్కరు 7 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవున్న ముక్కలు అల్లి పంపితే, వాటిని వేరేవారు కలిపి దుప్పట్లుగా కుడతారు. నలుగురు కలిసి కూర్చునే చోట ఈ పద్ధతి బాగా కుదురుతుంది, నేర్చుకునేవారి వంకర ముక్క కూడా మధ్యలో ఇమిడిపోతుంది.

చివరిగా కొలతల కరువు గురించి చెప్పాలి. అల్లేవారందరికీ పసిపిల్లల టోపీలంటే ప్రీతి. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, ఊలు కొంచెమే పడుతుంది, చూస్తే ముద్దొస్తుంది. అందుకే నేను ఇచ్చే చోట్ల ఆ పెట్టెలు తరచూ నిండే ఉంటాయి. పెద్ద మగవాళ్ల టోపీలు, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు సిగ్గుపడకుండా పెట్టుకోగల మామూలు టోపీలు ఉండవలసిన పెట్టె అడుగు కనిపిస్తూ ఉంటుంది. ఏమి అల్లాలో తెలియక, అడగడానికి ఎవరూ దొరకనప్పుడు 58 సెంటీమీటర్ల తలకు సరిపోయేలా, ముదురు నీలం అక్రిలిక్‌తో, మడత అంచుతో ఒక సాదా టోపీ అల్లితే చాలు. నమూనా పైన రాసిందే, 72 కుట్ల తర్వాత పదో చుట్టులో నాలుగే పెంచి 76 చేసి, మడతతో కలిపి 28 సెంటీమీటర్ల పొడవు వచ్చాక ఆపాలి. చలికాలానికి రెండు మూడు నెలల ముందే అందజేస్తే, పంచేవారికి కొలతల వారీగా సర్దుకునే వ్యవధి ఉంటుంది.